ప్రహ్లాదుని తీరిక వేళ



సింహాద్రి అప్పన్న పూజ జరుగు ఇండ్లలో ప్రహ్లాదుని కథ తెలియని బిడ్డ ఉండడు. స్తంభము పగిలినది, నరసింహస్వామి వెలువడినాడు, హిరణ్యకశిపుడు గడప మీద కూలినాడు. కథ చెప్పువారు తొందరపడి అక్కడికే పోవుదురు. వినువారును అదియే కోరుదురు. కాని భాగవతము సప్తమ స్కంధములో, ఆ స్తంభము పగులుటకు ముందు, ఒక చిన్న ఘట్టము కలదు. అందు ఆయుధము లేదు, ఏనుగు లేదు, విషము లేదు. ఒక బడి, కొందరు పిల్లలు, గురువులు లేని కొంత వేళ. అంతే. ఈ ప్రసంగము ఆ వేళను గురించినది.

చండామార్కులు శుక్రాచార్యుని కుమారులు. రాక్షస బాలకులకు వారే గురువులు. వారు చెప్పిన పాఠములు చెడ్డవని అనుటకు వీలు లేదు. ధర్మము, అర్థము, కామము అను మూడింటిని, రాజనీతిని వారు శ్రద్ధగా బోధించిరి. బెదిరించియు, బుజ్జగించియు నేర్పిరి. ఒకనాడు వారికి ఇంటి పని పడినది. బడి విడిచి ఇండ్లకు పోయిరి. పిల్లలు మిగిలిరి. అప్పుడేమి జరిగినది? ప్రహ్లాదుడు పిల్లలను ఉపన్యాసమునకు పిలువలేదు. పిల్లలే అతనిని ఆటకు పిలిచిరి. అతడు వారిని కసరలేదు. నవ్వెను, దయతో మాటలాడెను. పిల్లలు చేతిలోని ఆటవస్తువులను వదలి అతని చుట్టు చేరి కూర్చుండిరి.

ఆ ప్రహ్లాదుడు అంతకు ముందు ఏమి అనుభవించి వచ్చినాడో మరువరాదు. కన్నతండ్రి పంపిన ఏనుగులు, పాములు, విషాన్నము, కొండ శిఖరము, ఇవన్నియు దాటి మరల బడికి వచ్చిన పిల్లవాడు. అట్టివాడు తోడి పిల్లలకు మొట్టమొదట చెప్పినది ఒక లెక్క. మనుష్యుని ఆయువు నూరేండ్లు. అందు సగము నిద్రకు పోవును. బాల్యమునను ఆటలలోను ఇరువది ఏండ్లు, ముసలితనమున మరి ఇరువది ఏండ్లు పోవును. తక్కినది ఆశలకును సంసారమునకును సరిపోవును. ఐదేండ్ల బాలుడు ఇంత లెక్క ఎట్లు వేసెనని తోడి పిల్లలకే ఆశ్చర్యము కలిగినది. ఎప్పుడు నేర్చితివని అడిగిరి. తల్లి కడుపులో ఉన్నప్పుడు, ఆమె నారదుని ఆశ్రమమున ఉన్న రోజులలో, విన్నానని అతడు చెప్పెను. పిల్లవానికి విద్య ఎచ్చట దొరికినదో చూడుడు. బడిలో కాదు. తల్లి పక్కన, ఒక పెద్దమనిషి తీరికగా మాటలాడుచుండగా దొరికినది.

నేడు పిల్లల తీరికను గురించి పెద్దలు రెండు విధములుగా మాటలాడుచుందురు. కొందరు, "మా అబ్బాయికి క్షణము తీరిక లేదు, బడి, ట్యూషను, మరల ట్యూషను" అని గర్వముతో చెప్పుదురు. మరికొందరు, "ఎప్పుడు చూచినను ఆ ఫోనే" అని నిట్టూర్చుదురు. మొదటివారు హిరణ్యకశిపుని వలె గురువులను నియమించి నిశ్చింతగా ఉన్నవారు. రెండవవారు చండామార్కుల వలె ఇంటి పని మీద పోయినవారు. పిల్లవాడు ఏమి చేయుచున్నాడని ఇద్దరును అడుగుదురు. ఆ వేళ వాని పక్కన ఎవరున్నారని మాత్రము అడుగరు. భాగవతములో కథను మార్చినది ఈ రెండవ సంగతియే.

మన పూర్వులకు తీరిక ఎంత ప్రియమైన వస్తువో నేటి పిల్లలకు చెప్పవలెను. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడ మారిషస్ చేరిన నాటి నుండి, 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు కూలీలతో డర్బను చేరిన నాటి నుండి, 1903 మొదలు మద్రాసు రేవు నుండి ఫిజీకి ఓడలు పోయిన నాటి నుండి, ఆ కాగితము మీద వ్రాయబడిన కాలము సాధారణముగా ఐదేండ్లు. ఫిజీవారు దానినే గిర్మిట్ అనిరి. మారిషస్ చెరకు తోటలలో ఒకనాడు పనికి రాకపోయినచో రెండు నాళ్ల కూలి కోసెడివారు. ఆదివారము సెలవని పేరే గాని, ఆ ఉదయము కూడ కూలి లేకుండ తోట ఆవరణ ఊడ్చుట, పశువులను చూచుట వంటి పనులు చేయవలసి వచ్చెడిది. మిగిలినది ఆదివారము మధ్యాహ్నము, వారమంతయు చీకటిపడిన తరువాతి రెండు గంటలు.

ఆ రెండు గంటలలో కోరంగి రేవు నుండి వచ్చినందున కోరింగీలని పిలువబడిన తెలుగువారు దీపము వెలిగించి, దాని చుట్టు తిరుగుచు రామభజన చేసిరి. పదునాలుగేండ్ల పిల్లవాడు పగలు గడ్డి కోసి, పేడ మోసి, రాత్రి తాతపక్కన తాళములు పట్టుకొని కూర్చుండెడివాడు. వానికి ఎవరును పాఠము చెప్పలేదు. తాత తప్పు పాడినప్పుడు పక్కవాడు సరిదిద్దుట విని వాడును నేర్చుకొనెను. తెలుగు అక్షరము రానివాని నోట కూడ తెలుగు పాట నిలిచినది అందువలననే. ఒక నిజము కూడ చెప్పవలెను. అందరును భజనకే పోయిరనుట అబద్ధము. సారాయి దుకాణము సైతము ఆ వేళకే తెరచి ఉండెడిది, దానికిని జనము కొదువ లేదు. ఇంటికి తాగి వచ్చిన తండ్రిని చూచిన పిల్లలును ఆ తోటలలోనే పెరిగిరి. తీరిక దానంతటదే పుణ్యము కాదు, పాపమును కాదు. దీపము దగ్గర ఎవరో ఒక పెద్దవాడు కూర్చుండి ఉండుట వలననే కొందరు పిల్లలు అటు నడచిరి.

ఆ కూలీల మునిమనుమలు నేడు మరల సముద్రము దాటుచున్నారు. ఓడకు బదులు విమానము, చెరకు తోటకు బదులు ఐక్య అరబ్ ఎమిరేట్లు. 1971లో ఏర్పడిన ఆ దేశములో, దుబాయి, షార్జా, అబూధాబీ నగరములలో, మారిషస్ నుండియు దక్షిణాఫ్రికా నుండియు పోయిన మన కుటుంబములు బడులలోను, హోటళ్లలోను, ఆసుపత్రులలోను, విమాన సంస్థలలోను పని చేయుచున్నవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల నుండి వచ్చినవారు అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. వారి పిల్లలు పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వయస్సులో తమ తీరికను ఎట్లు గడుపుచున్నారో తెలిసికొనుటకు ముందు, ఆ దేశములో తీరిక ఎట్లు పంచబడినదో తెలియవలెను.

2006 వరకు అచ్చటి ప్రభుత్వ కార్యాలయములకు గురు, శుక్రవారములు సెలవు. ఆ సంవత్సరము నుండి శుక్ర, శనివారములైనవి. 2022 జనవరి నుండి శని, ఆదివారములు పూర్తి సెలవు, శుక్రవారము సగము పూట అని మార్చిరి. షార్జా ఎమిరేట్ మాత్రము ఇంకొక అడుగు ముందుకు వేసి, శుక్ర, శని, ఆదివారములు మూడును సెలవుగా ఇచ్చినది. అక్కడి బడులు వారమునకు నాలుగు దినములే నడచును. వినుటకు ఎంతో హాయిగా ఉన్నది. కాని షార్జాలో ఇంటి అద్దె తక్కువని అక్కడ కాపురముండి, దుబాయిలో ప్రైవేటు కంపెనీకి పోవు తండ్రికి శుక్రవారము సెలవు లేదు. కొన్ని కంపెనీలలో శనివారమును లేదు. పిల్లవానికి మూడు దినముల తీరిక, తండ్రికి ఒక దినము. చండామార్కులు ఇంటికి పోయిన వేళ ప్రతివారము నియమముగా వచ్చుచున్నది.

ఇక ఎండ సంగతి. మే నెల నుండి సెప్టెంబరు వరకు పగటి పూట పిల్లవాడు వీధిలోనికి పోలేడు. 2025 మే నెలలో అబూధాబీ ఎమిరేట్‌లోని స్వైహాన్ వద్ద 51.6 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైనది. జూలై, ఆగస్టు నెలలు బడులకు సెలవులు. స్వదేశమునకు టిక్కెట్టు కొనగలిగినవారు పోవుదురు. కొనలేనివారి పిల్లలు మూసిన కిటికీల వెనుక, చల్లని గాలి యంత్రము క్రింద, రెండు నెలలు గడుపుదురు. మారిషస్ పిల్లవానికి సముద్రము, చెరకు బాట, మామిడి చెట్టు దొరికిన వయస్సులో వీరికి నాలుగు గోడలు దొరికినవి. వారిని సోమరులని నిందించుటకు ముందు ఈ సంగతిని తలచుట న్యాయము.

షార్జా అల్ నహ్దా పేటలో ఆరవ అంతస్తున ఒక ఇల్లు ఉన్నదని ఊహించుడు. తండ్రి జెబెల్ అలీలో ఒక గిడ్డంగి కార్యాలయమున గుమాస్తా. తల్లి ఒక చికిత్సాలయమున నర్సు. పదునాలుగేండ్ల కొడుకు, పదునారేండ్ల కూతురు. శుక్రవారము ఉదయము ఏడు గంటలకు ఇద్దరు పెద్దలును వెళ్లిపోవుదురు. పిల్లవాడు పది గంటలకు లేచును. ఫ్రిజ్‌లో అన్నము, కూర ఉన్నవి. వేడి చేసికొనుటకు బద్ధకించి బిస్కట్లు తినును. తరువాత ఫోను. ముందు పాటలు, పిమ్మట చిన్న చిన్న వీడియోలు, పిమ్మట ఆట. మధ్యాహ్నము ఒంటిగంటకు తల్లి ఫోను చేసి, "తిన్నావా నాన్నా?" అని అడుగును. "తిన్నానమ్మా" అని వాడు చెప్పును. సాయంకాలము ఎండ తగ్గిన తరువాత భవనము వెనుక ఇసుక నేలలో మలయాళీ, పాకిస్తానీ, బంగ్లాదేశీ పిల్లలతో టెన్నిస్ బంతి క్రికెట్టు. ఆ నేల మీద దేశముల తగవులు లేవు. అవుటా కాదా అను తగవు ఒక్కటే. ఆ గంట వాని వారమున ఉత్తమమైన గంట అనుటకు సందేహింప పని లేదు. రాత్రి ఏడున్నరకు తండ్రి, షార్జా బాటలో రెండు గంటలు వాహనముల నడుమ నలిగి, ఇల్లు చేరును. చేరి అడుగు మాట ఒక్కటే. "చదివినావా?"

కూతురి సంగతి వేరు. ఆమెకు ఇసుక నేలయును లేదు. "నీవెందుకమ్మా క్రిందికి, తమ్ముని చూచుకొనుము" అని తల్లి చెప్పి పోయినది. తమ్ముని తీరికను గురించి ఇంటింట చర్చ జరుగును గాని, అక్కకు తీరిక ఉన్నదా అని అడిగిన సభ అరుదు. ఈ విషయములో తోటల కాలము నుండి నేటి వరకు తెలుగు ఇండ్లు పెద్దగా మారలేదని ఒప్పుకొనవలెను.

పిల్లవాడు ఆడు ఆటను గురించి రెండు మాటలు. ఫోనులో ఆట ఒంటరి ఆట అని పెద్దల భ్రమ. వాడు ఒంటరిగా లేడు. అవతల ఎవరో పిలుచుచున్నారు, వీడు పోవుచున్నాడు. ఆ పిలుచువాడు పక్క భవనములోని బడి స్నేహితుడు కావచ్చును. పేరు మార్చుకొన్న నలువది ఏండ్లవాడును కావచ్చును. అది ఇంటిలో తెలిసినవారు లేరు. ఇంకొకటి. ఈ ఆటలలో కొన్ని, డబ్బు కట్టి మూసిన పెట్టెను కొనిపించును. లోపల ఏమున్నదో తెరచిన తరువాత గాని తెలియదు. మంచి ఆయుధము రాకున్న మరియొక పెట్టె. ధర్మరాజు పాచికలు వేసినది కూడ ఇట్లే, ఈసారి వచ్చునేమో అని. అతడు జూదరి అని ఎవరును అనరు, మర్యాదకు పిలిచినప్పుడు పోయినాడందురు. పిల్లవాడును పిలిచినప్పుడు పోయినవాడే. తండ్రి కార్డు నుండి డబ్బు పోయిన దినమున కొట్టుటకు చేయి ఎత్తువాడు, ఆ ఆటను అంతకు ముందు ఒక్కసారియైన పక్కన కూర్చుండి చూచినాడా?

శనివారము సాయంకాలము కుటుంబమంతయు మాలునకు పోవుదురు. దుబాయిలో 2005లో తెరచిన మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ లోపల మంచుకొండ ఉన్నది. బయట ఎండ నిప్పులు చెరుగుచుండగా లోపల మంచు మీద జారుదురు. మయసభను చూచి దుర్యోధనుడు నేలను నీరనుకొని, నీటిని నేలనుకొని భంగపడినాడు. మాలులో భంగపడునది సంచి. 2008లో తెరచిన దుబాయి మాల్ చల్లనిది, శుభ్రమైనది, ఆడపిల్లలకు భయము లేనిది. నడచుటకు డబ్బు అడుగదు. వేసవిలో ముసలివారు నడకకు అచ్చటికే పోవుట తెలివైన పని. అయినను అక్కడ తండ్రి ఒక అంగడి చూచును, తల్లి ఒకటి, పిల్లలు మెట్ల దగ్గర ఫోను చూతురు. నలుగురును కలసి పోయి నలుగురును వేరువేరుగా తిరిగి వత్తురు.

భగవద్గీత ఆరవ అధ్యాయములో యోగము ఎవనికి దుఃఖమును పోగొట్టునో చెప్పుచు, ఆహారముతో పాటు విహారమును కూడ స్వామి పేర్కొన్నాడు. విహారము మానుమని చెప్పలేదు. తగినంతగా ఉండుమన్నాడు. ఆటను పాపమని పిల్లల మీదికి ఎగబ్రాకువారు ఈ శ్లోకమును మరల చదువుట మేలు. గోకులములో చల్దులు కట్టుకొని పోయి ఇసుక తిన్నెల మీద స్నేహితులతో పంచుకొని తిన్నవాడే ఆ గీతను చెప్పినవాడు.

ఒక లెక్క ఉన్నది. పదమూడు నుండి పదునెనిమిది వరకు ఐదేండ్లు. గిర్మిట్ కాగితము మీద వ్రాసిన ఐదేండ్లే. అందు 260 శుక్రవారములు. ఆ దేశములో మొన్నటి వరకు కొడుకునకు పదునెనిమిది నిండిన తరువాత తండ్రి పేరిట నివాసపు అనుమతి సాధారణముగా దొరకెడిది కాదు. 2022 అక్టోబరు నుండి పెండ్లి కాని కొడుకులకు ఇరువది ఐదేండ్ల వరకు దానిని పొడిగించిరి. మంచి మార్పు. అయినను కాలేజీ చదువునకు చాలమంది పిల్లలు పదునెనిమిదికే హైదరాబాదునకో, విశాఖపట్టణమునకో, ఇంకను దూరమునకో వెళ్లిపోవుదురు. పోయిన తరువాత పిల్లవాడు సెలవులకు వచ్చు అతిథి. మన ముత్తాతలు తమ ఐదేండ్లను వ్రేళ్ల మీద లెక్కించుకొనిరి, ఎప్పుడు ముగియునా అని. ఈ ఐదేండ్లను లెక్కించుకొను తండ్రులు అరుదు. ముగిసిన తరువాతనే లెక్కకు వచ్చును.

ఇదే నగరములో ఇంకొక తెలుగు తండ్రి ఉన్నాడు. అతని పిల్లవాని తీరికను గూర్చి ఏ సభయును మాటలాడదు, ఏలయన ఆ పిల్లవాడు ఆ దేశములో లేడు. తండ్రి సోనాపూర్ అని పిలువబడు ముహైస్నా కూలీల వసతిలో, ఒక గదిలో పలువురితో పడక మీద పడక. ఊరు జగిత్యాలయో, సిరిసిల్లయో, నిజామాబాదో, కోనసీమయో, కడప జిల్లాయో. 2019 నాటి నిబంధన ప్రకారము భార్యాబిడ్డలను పిలిపించుకొనవలెనన్న నెలకు 4,000 దిర్హములు, లేదా 3,000 దిర్హములును వసతియును ఉండవలెను. తాపీ పనివానికి, సహాయకునికి అది అందదు. కనుక కొడుకు ఊరిలో పెరుగును. తండ్రి బోటిమ్ అను ఫోను సౌకర్యముతో ఆదివారము మాటలాడును. కొడుకు తెర మీద తండ్రిని చూచుచు, పక్క తెర మీద ఆటను చూచుచుండును. ఈ తండ్రి, కొడుకుల మధ్య ఉన్న తీరిక అంతయు వారమునకు ఆ అరగంట.

జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదని ఆ దేశపు శాసనము. 2005 నుండి వేసవి వేసవికి ఇది అమలులో ఉన్నది. ఆ రెండున్నర గంటలు కూలీ భవనపు నీడలో అట్ట పరచుకొని పండుకొనును. అదే వేళ, కొంత దూరములో, ఆరవ అంతస్తులో, పదునాలుగేండ్ల తెలుగు పిల్లవాడు సోఫా మీద పండుకొని ఉన్నాడు. ఇద్దరికిని ఒకే వేళ తీరిక. ఇద్దరిది ఒకే భాష. ఇద్దరును ఎన్నడును కలియరు.

కూలీల సంతతివారు ఇక్కడ ఆగి ఆలోచింపవలెను. ముత్తాత ఎట్లుండెనో అని పిల్లలు అడుగుదురు. ఆప్రవాసి ఘాట్ మెట్ల వద్ద నిలిచి, 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినదని చెప్పుదుము, పాత ఫోటోలు చూపుదుము. అదే పిల్లవాడు దుబాయిలో రోజూ బడి బస్సు కిటికీ నుండి నీలి చొక్కాలతో కిక్కిరిసిన ఇంకొక బస్సును చూచును. ముత్తాత ఆ బస్సులో ఉన్నాడు. కాలము మారినది, కాగితము మారినది, కొరడా లేదు, తిరిగి పోవుటకు విమానము ఉన్నది. కాని భార్యాబిడ్డలను విడిచి, లెక్కపెట్టిన ఏండ్లకు వచ్చి, ఆదివారము కొరకు ఎదురు చూచు తెలుగువాడు అతడే. అతనికి గుడి తరగతిలో నేర్చిన తెలుగు కాదు, నోటిలో పుట్టిన తెలుగు వచ్చును. బతుకమ్మ పాటయో, ఒగ్గు కథయో, గోదావరి యాసలో తిట్టుయో వచ్చును. పిల్లవానికి కావలసినది అతని దగ్గర ఉన్నది. అతనికి కావలసినది, కొడుకు వయస్సు పిల్లవాని ముఖము, వీని దగ్గర ఉన్నది.

కలియుటకు చోటు లేదని అనరాదు. దుబాయిలో 1958 నుండి బుర్ దుబాయి క్రీక్ దగ్గర పాత మందిరము ఉండెడిది. ఇరుకు సందులో, పూల అంగళ్ల నడుమ, కూలీయు అధికారియు ఒకే వరుసలో నిలిచిన చోటు అది. 2022 అక్టోబరులో జెబెల్ అలీలో క్రొత్త మందిరము తెరచిరి, 2024 ఆరంభమున పాతది అచ్చటికే తరలినది. 2024 ఫిబ్రవరి 14న అబూధాబీ ఎమిరేట్‌లో అబూ మురీఖా వద్ద, ఏడు ఎమిరేట్లకు గుర్తుగా ఏడు శిఖరములతో, రాతి మందిరము ప్రతిష్ఠింపబడినది. క్రొత్త గుడులు విశాలమైనవి, శోభాయమానమైనవి. కాని బండి లేనివానికి దూరము. క్రీక్ దగ్గరకు నడచియు, పడవలోను పోయిన కూలీ జెబెల్ అలీకి అంత సులభముగా పోలేడు. శనివారము ఇంట బండి ఉన్న కుటుంబము, అందొక ఖాళీ చోటును తలచుకొనుట పెద్ద పని కాదు.

జెబెల్ అలీలోనే 2012లో తెరచిన గురు నానక్ దర్బార్ గురుద్వారము ఉన్నది. అచ్చట లంగరులో వచ్చినవారందరికి భోజనము. రొట్టెలు ఒత్తుటకు, వడ్డించుటకు, గిన్నెలు కడుగుటకు భక్తులే పూనుకొందురు. పదునాలుగేండ్లవాడు అక్కడ గంటసేపు పప్పు వడ్డించిన, ఆ పంక్తిలో "ఇంకొంచెము వేయి బాబూ" అని తెలుగు మాట వినబడవచ్చును. ఒక హెచ్చరిక మాత్రము అవసరము. ఆ దేశములో అనుమతి లేని సంస్థ గాని, వ్యక్తి గాని విరాళములు పోగుచేయుట నేరము. ఉత్సాహముతో పిల్లలచేత డబ్బాలు పట్టించి చందాలు అడిగించరాదు. సేవకు అనుమతి పొందిన సంస్థలు ఉన్నవి, వాటి ద్వారానే పోవలెను. డబ్బు కంటె అచ్చట కొదువగా ఉన్నది పక్కన కూర్చుండు మనిషి.

చదువరి పిల్లలకు షార్జా మంచి ఊరు. 1982 నుండి అక్కడ అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన జరుగుచున్నది. 2020లో హౌస్ ఆఫ్ విజ్‌డమ్ అను గ్రంథాలయము తెరచిరి. దుబాయిలో 2022లో మొహమ్మద్ బిన్ రషీద్ గ్రంథాలయము తెరచిరి. చల్లగా ఉండును, ఆడపిల్లకు భయము లేదు. ఆరవ అంతస్తులోని అక్కకు వారమునకొక మధ్యాహ్నము అక్కడ దొరికిన, తమ్ముడు తన అన్నము తాను వేడి చేసికొనుట నేర్చును. ఇద్దరికిని లాభమే.

కాని గుడి, గురుద్వారము, గ్రంథాలయము, వీని పేర్లు చెప్పి పిల్లలను పంపివైచిన మాత్రమున పని ముగిసినట్లు కాదు. అది మరల చండామార్కులకు అప్పగించుటయే. భాగవతములో హిరణ్యకశిపుని కూడ ఒక్కసారి జాగ్రత్తగా చూడవలెను. అతడు పిల్లవానిని పట్టించుకొనని తండ్రి కాడు. మూడు లోకముల పని ఉండియు కొడుకును పిలిపించినాడు. తొడ మీద కూర్చుండబెట్టుకొన్నాడు. శిరస్సు మూర్కొన్నాడు. "నాయనా, నీవు నేర్చిన వానిలో నీకు మంచిదని తోచినది చెప్పుము" అను భావముతో ప్రేమగా అడిగినాడు. ఇంత చక్కగా అడిగిన తండ్రులు పురాణములలోను తక్కువ. కొడుకు నిజము చెప్పినాడు. మరియొకసారి అడిగినప్పుడును అదే చెప్పినాడు. తాను వినదలచిన మాట అది కాకపోయినందున ఆ తండ్రి కొడుకును తొడ మీది నుండి నేలకు త్రోసినాడు. తక్కిన కథ అంతయు, ఏనుగులు, పాములు, స్తంభము, ఆ త్రోపుతో మొదలైనది.

షార్జాలో ఆరవ అంతస్తున శుక్రవారము రాత్రి ఏడున్నర. తండ్రి తలుపు తీసికొని లోపలికి వచ్చినాడు. బూట్లు విప్పినాడు. "ఏమి చేసినావురా ఈ దినము?" అని అడిగినాడు. "ఏమీ లేదు నాన్నా" అని కొడుకు తల ఎత్తకుండ చెప్పినాడు. తండ్రి తన ఫోనును భోజనపు బల్ల మీద పెట్టి, సోఫాలో వాని పక్కన కూర్చుండి, "ఇది ఎట్లు ఆడుదురు?" అని అడిగినాడు. కొడుకు కొంచెము జరిగి చోటిచ్చినాడు. "నీకు అర్థము కాదు నాన్నా" అన్నాడు. తరువాత తెరను తండ్రి వైపు త్రిప్పి, మొదటి నుండి చెప్పసాగినాడు. వంటింటి గడపలో నిలిచిన కూతురు, తనను ఎవరు ఏమి అడుగుదురా అని చూచుచున్నది.